పలకల్లా కట్టిన రికార్డులు

ఆ సంగీత దర్శకుడు చనిపోయిన సంగతి నాకు తర్లుపాడు నుంచి మార్కాపురం వచ్చే బస్సులో తెలిసింది. ముందు సీట్లో ఒకామె ఫోనులో ఆయన పాట పెట్టుకుని వింటోంది. కండక్టరు టికెట్టు మిషను నొక్కుతూ, "ఈ పాట కట్టినాయన పొద్దున పోయినాడంటమ్మా," అన్నాడు.

"అందుకే పెట్టినా," అంది ఆమె. "మా నాయనకు ఈ పాటంటే పిచ్చి."

"ఎవరికి లేదులే పిచ్చి," అని అతను నా దగ్గరికి వచ్చాడు. "పెద్దాయనా, ఎక్కడికి?"

మార్కాపురం అన్నాను. మిగిలిన దారంతా కిటికీలోంచి కంది చేలు చూస్తూ కూర్చున్నాను. నలుగురిలో కన్నీళ్ళు పెట్టుకోవడం మా ఇంటి పద్ధతి కాదు. మా నాయన పోయిన రోజు కూడా నేను వాకిట్లో నిలబడి వచ్చినవాళ్ళకు నమస్కారం పెడుతూనే ఉన్నాను. బస్టాండులో దిగి, ఆటోవాళ్ళు పిలిచినా ఎక్కకుండా ఇంటికి నడిచి వచ్చాను. చెప్పులు విప్పి టీవీ పెట్టాను.

టీవీలో ఆయన పనిచేసిన సినిమాల పేర్లు వరసగా కింద నుంచి పైకి పోతున్నాయి. చివరిదాకా చూశాను. మళ్ళీ మొదటి నుంచి వేశారు, మళ్ళీ చూశాను. మా సినిమా పేరు లేదు. థియేటరుకు రాని సినిమాను ఎవరు గుర్తు పెట్టుకుంటారు? కానీ దానికి ఆయన ఐదు పాటలు కట్టారు. ఆ ఐదు పాటలు మా దగ్గర తప్ప ఎక్కడా లేవు. ఆ మధ్యాహ్నం నాకు మిగిలిన ధైర్యం అదొక్కటే. మనిషి పోయారు, ఆయన పాటలు ఐదు నా దగ్గర పదిలంగా ఉన్నాయి అనుకున్నాను.

మాది పలకల ఫ్యాక్టరీ. మా పలకలు ఓడలెక్కి పరదేశాలకు పోయిన రోజులు నాకు తెలుసు. రేకుల షెడ్డులో రెండు వరసలుగా ఆడవాళ్ళు కూర్చుని, పలక మీద నీళ్ళు చల్లి ఇసుకరాయితో రుద్దేవారు. అవతల వడ్రంగులు పలకల చుట్టూ చెక్క చట్టాలు బిగించేవారు. నాయన తన గదిలో రికార్డులు వేసే రేడియోగ్రాం పెట్టించి, దాని తీగ లాగించి షెడ్డులో మైకు కట్టించారు. పని చేసే చోట పాట ఉండాలన్నది ఆయన పట్టుదల. ఆయన కొనే రికార్డుల్లో ఎక్కువ భాగం ఈ సంగీత దర్శకుడివే. చేతులు పాటను పట్టుకుని కదిలేవి. నెమ్మది పాటైతే పలక నున్నగా వచ్చేది, హుషారు పాటైతే ఎక్కువ పలకలు వచ్చేవి. అందుకే ఏ పూట ఏ రికార్డు వేయాలో మేస్త్రీ వచ్చి నాయనను అడిగేవాడు.

ఆ సంగీత దర్శకుడి పాటలకు ఒక అలవాటుంది. రెండో చరణం ఎత్తుకునే ముందు వాద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఊపిరి పట్టినంతసేపు ఏమీ ఉండదు. తర్వాత గొంతు ఒంటరిగా మొదలవుతుంది. దాని వెనకాల వేణువు నింపాదిగా వస్తుంది. ఆ ఆగిన చోట మా షెడ్డంతా ఆగేది. రుద్దే చేతులు పలకల మీద నిలబడిపోయేవి. ఎవరూ ఆపమని చెప్పలేదు. బయట రోడ్డు మీద పోయే ఎద్దుల మువ్వలు వినపడేవి. గొంతు ఎత్తుకోగానే మళ్ళీ అన్ని చేతులూ ఒకేసారి కదిలేవి. నేను అక్షరాలు దిద్దింది ఆ షెడ్డులోనే, మూల విరిగి పక్కన పడేసిన పలకల మీద. నాకు ముందు అక్షరాలు వచ్చాయో, ఆ ఆగడం వచ్చిందో చెప్పలేను.

వరసలో మొదట కూర్చునే ఆమెను నేను అత్తా అని పిలిచేవాణ్ణి. పనివాళ్ళను వరస పెట్టి పిలవాలని నాయన ఆజ్ఞ. పెట్టెలు కట్టడం కూడా అత్త పనే. చెక్కపెట్టె అడుగున వరిగడ్డి పరిచి, పలకలు పడుకోబెట్టి, ప్రతి రెండింటి మధ్య పల్చగా గడ్డి వేసి, పైన మళ్ళీ గడ్డి కుక్కి, మూత పెట్టి, పురికొసతో అడ్డం నిలువు బిగించి, లారీ వచ్చేదాకా పైన బరువు పెట్టేది. గడ్డి కంభం చెరువు కింద పొలాల నుంచి వచ్చేది. బడి లేని రోజుల్లో నా చేత కట్టించేది.

"కదలగూడదు చిన్నయ్యా. కదిలిందంటే పగిలినట్టే. ఊపిరాడకుండా కట్టు," అనేది.

ముడి కూడా ఆమె నేర్పిందే. రెండు చుట్లు తిప్పి కొసను లోపలికి దోపాలి. మా పెట్టెలో పలక పగిలిందని ఏ ఊరి నుంచీ ఉత్తరం రాలేదు. ఆ మాట నేను ఈ రోజుకూ గర్వంగా చెప్పుకుంటాను. చెప్పుకునేవాణ్ణి.

సినిమా తీయాలన్న కోరిక నాయనకు ఆ పాటల నుంచే పుట్టింది. మద్రాసు పోయి మరో ఇద్దరితో కలిసి మొదలుపెట్టారు. సంగీతం ఈయనే చేయాలన్నది నాయన పెట్టిన ఒకే షరతు. పాటలు రికార్డు చేసే రోజు నన్ను కూడా తీసుకుపోయారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మార్కాపురం రోడ్డు స్టేషనులో చిన్న రైలెక్కి, తర్వాత పెద్ద రైలు మారి పోయాం. కానుకగా ఇవ్వడానికి నాయన టేకు చట్టంతో ఒక పలక చేయించారు.

స్టూడియోలో ఆ సంగీత దర్శకుడు చాప మీద కూర్చుని ఉన్నారు. తెల్ల చొక్కా, మోచేతులదాకా మడిచిన చేతులు. పలకను వెలుతురుకు పట్టి చూసి, బలపం ఉందా అని నన్ను అడిగారు. నా జేబులో ఎప్పుడూ ఉండేది. ఆ పలక మీదే స్వరాలు రాసి వయొలిన్ల వాళ్ళకు చూపించారు. వాళ్ళు రెండుసార్లు వాయించాక అరచేత్తో తుడిచేశారు.

"కాగితం కంటే ఇదే నయం బాబూ. తప్పు రాసినా ఎవరికీ తెలియదు," అని నవ్వి, చేతికంటిన పొడిని పంచెకు తుడుచుకున్నారు. నేను ఆయన్ను చూసింది ఆ ఒక్కసారే.

సినిమా సగంలో ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చెప్పాలంటే కొందరి పేర్లు చెప్పాల్సి వస్తుంది. అది నాకు ఇష్టం లేదు. అమ్మకానికి పెట్టేముందు నమూనాకని చేయించిన రికార్డులు మూడు మాత్రం మా ఇంటికి వచ్చాయి. వచ్చిన రోజు నాయన షెడ్డులో పని ఆపించారు. అందరినీ చేతులు కడుక్కుని కూర్చోమన్నారు. ఐదు పాటలూ ఒక్కసారి వినిపించి, రికార్డులను బీరువాలో పెట్టి తాళం వేశారు.

"బొమ్మ ఆడిన రోజు మళ్ళీ విందాం. అంతదాకా ఇవి బయటికి పోగూడదు," అన్నారు.

బొమ్మ ఆడలేదు. మా పలకరాయి గని పోయింది, ఫ్యాక్టరీ పోయింది. అప్పుల కింద రేడియోగ్రాం ఇంట్లోంచి పోయే రోజు నాయన గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మోసుకుపోయేవాళ్ళకు తానే తలుపు తీసి పట్టుకున్నారు. రికార్డులు మాత్రం ఇవ్వలేదు.

ఆ తర్వాత పాట వినాలంటే నాకు బస్టాండు దగ్గరి టీ బంకులో రేడియోనే దిక్కు. కానీ మా ఇంటి పిల్లవాడు బంకు ముందు నిలబడి పాట వినకూడదు. అందుకని ఏదో పని మీద పోతున్నట్టు ఆ రోడ్డున ఇటూ అటూ నడిచేవాణ్ణి. ఒక పాటకు నాలుగుసార్లు పోయి రావచ్చు. రెండో చరణం ముందు ఆగే చోటుకు సరిగ్గా బంకు ఎదురుగా ఉండేలా అడుగులు సరిచూసుకునేవాణ్ణి.

ఒకరోజు బంకు అతను, "ఏంది చిన్నయ్యా, ఏమన్నా పారేసుకున్నావా?" అన్నాడు.

"లేదు," అన్నాను.

"కూర్చోని వినరాదా. పాటకు దుడ్లు తీసుకోనులే."

అక్కడున్నవాళ్ళు నవ్వారు. నేను ఆ రోడ్డున నడవడం మానేశాను. చాలా రోజులు వేరే దారిలో బడికి పోయాను.

నాయన చివరి రోజుల్లో ఉన్నప్పుడు మా వీధిలో ఒకతను కొత్తగా మైకుసెట్టు షాపు పెట్టాడు. గిద్దలూరు దాకా పెండ్లిళ్ళకు మైకులు కట్టేవాడు. నాకంటే అయిదారేళ్ళు చిన్న. ఆ సంగీత దర్శకుడి పాటల కోసం పామూరు, వెలిగండ్ల సంతల దాకా పోయి పాత రికార్డులు వెతికేవాడు. మా దగ్గర బయటికి రాని పాటలున్నాయని అత్త నోట విని మా గుమ్మంలోకి వచ్చాడు.

"అన్నా, క్యాసెట్టుకు ఎక్కిస్తా. నీ ముందరే ఎక్కించి నీ చేతికే ఇస్తా. నాకొకటి, నీకొకటి."

"మా నాయన పాటలు పెండ్లి పందిట్లో మోగేదానికి కాదు," అన్నాను.

"పందిట్లో వేయనన్నా, ఒట్టు."

"నీ మైకులు నువ్వు చూసుకో పో."

అతను తల దించుకుని పోయాడు. నేను ఆ పూట మామూలుకంటే ఎక్కువ అన్నం తిన్నాను. పక్కగదిలో నాయన విన్నారో లేదో తెలియదు.

ఆయన పోయాక ఇల్లు ఖాళీ చేసేటప్పుడు రికార్డులను నేనే కట్టాను. కూలివాళ్ళను ముట్టనివ్వలేదు. కాగితం కవర్లకు చెదలు పడుతుందని తీసేశాను. చెక్కపెట్టె అడుగున వరిగడ్డి పరిచాను. అన్నిటికంటే విలువైనవని మా మూడు రికార్డులను అడుగున పడుకోబెట్టాను. మధ్య మధ్య గడ్డి వేసుకుంటూ మిగిలినవన్నీ పేర్చాను. మూత పెట్టి, ఊపిరాడకుండా పురికొస బిగించి, రెండు చుట్ల ముడి వేశాను. తర్లుపాడు రోడ్డులో మాకు మిగిలిన రేకుల గోడౌనులో పెట్టి, పైన గని నుంచి వచ్చిన బండరాయి ఎత్తించాను. సముద్రాలు దాటినా పగలని కట్టు అది. ముప్పై ఏళ్ళు దాన్ని విప్పలేదు. అటు వెళ్ళినప్పుడల్లా తాళం లాగి చూసుకుని వచ్చేవాణ్ణి. చావు వార్త విన్న రోజు కూడా ఆ పని మీదే పోయి వస్తున్నాను.

మర్నాడు పొద్దున్నే మైకుసెట్టు అతను వచ్చాడు. తల నెరిసింది. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"అన్నా, మళ్ళీ అడుగుతున్నా. తిడితే తిట్టు. సాయంత్రం నా షాపు ముందర ఆయన పటం పెడుతున్నాం. అందరూ వేసే పాటలు ఎట్లాగూ వేస్తాం. ఎవరూ వినని పాట ఒక్కటి వేస్తే ఆయనకు మర్యాదగా ఉంటాది. రికార్డు తిప్పే మిషను ఇంకా పెట్టుకోనే ఉన్నా."

"సరే," అన్నాను.

"సరే అన్నావా?" అన్నాడతను.

"అన్నాను."

"ఇంకా రెండు మాటలు సిద్ధం చేసుకోని వచ్చినా అన్నా, దండగైపోయె," అని నవ్వాడు. నాకూ నవ్వు వచ్చింది. చాలా రోజులకు వచ్చింది. ఇన్నేళ్ళూ ఎందుకు కాదన్నానో ఆ క్షణంలో నాకే అర్థం కాలేదు. ఇక దాచి పెట్టడానికి కారణం లేదు. బొమ్మ ఎప్పటికీ ఆడదు. పాట కట్టినాయన వినరు. ఊరన్నా వినాలి. మా నాయన ఏం చేశారో ఊరికి తెలియాలి.

గోడౌను పక్క వీధిలోనే అత్త ఉంటుంది. ఎనభై దాటింది. మేం తాళం తీసేసరికి కర్ర పట్టుకుని వచ్చింది.

"ఆ పాట వేస్తారంట గదా చిన్నయ్యా. నేనూ విన్నా ఆ దినం. చేతులు కడుక్కోని విన్నా."

బండరాయి దింపడానికి మైకుసెట్టు అతను, నేను ఇద్దరం పట్టాల్సి వచ్చింది. "ఇదెందుకన్నా దీని మీద?" అన్నాడతను.

"కదలకుండా."

అతను రాయి వైపు, పైన రేకుల వైపు చూశాడు. అత్త పురికొస ముడిని వేళ్ళతో తడిమి చూసి, కొస లాగింది. ముడి విడిపోయింది.

గడ్డి వాసన లేచింది. పై గడ్డి తీస్తే నల్లగా మెరుపు కనిపించింది. మొదటి రికార్డు తీశాను. దాని అంచు వేయించిన అప్పడంలా ఒక పక్క పైకి లేచి, ఒక పక్క కిందికి ఒంగి ఉంది. రెండోది అంతే. మధ్యలో ఉన్నవి రెండు మూడు కలిసి అంటుకుపోయి వచ్చాయి. నేను ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతూ పోయాను. ఎక్కడో ఒకచోట బాగున్నవి మొదలవుతాయని అనుకుంటున్నాను. అడుగుకు వచ్చాను.

మా మూడు రికార్డులు వంగలేదు. అంత బరువు కింద వంగే వీలు లేదు. గుమ్మంలోకి తెచ్చి వెలుతురుకు పట్టి చూశాను. పాట ఉండే సన్నని గీతల మీద, వాటిని అడ్డంగా కోసుకుంటూ, గడ్డిపోచల అచ్చులు దిగి ఉన్నాయి. ఒక వరివెన్ను మొత్తం, గింజలు రాలిన చోట్లతో సహా, అచ్చు పోసినట్టు ఉంది. ముప్పై ఎండాకాలాలు ఆ రేకుల కింద పెట్టె ఉడికింది. పలక రాయి, ఉడకదు. రికార్డు రాయి కాదు. రెండూ నల్లగానే ఉంటాయి. నేను అంతకు మించి ఆలోచించలేదు.

"తీసుకురా అన్నా. తిప్పి చూద్దాం," అన్నాడతను. గొంతులో ముందున్న హుషారు లేదు.

అత్తను కూడా ఎక్కించుకుని ఆటోలో షాపుకు వచ్చాం. అతను ఒకదాన్ని మిషను మీద పెట్టాడు. రికార్డు తిరిగింది. ముల్లు ఆనించగానే టపటపా కొట్టుకుంటూ జారి మధ్యకు పోయింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ జారింది. ముల్లు మీద రూపాయి బిళ్ళ పెట్టి చూశాడు. బుస్సుమన్న చప్పుడు మధ్య నుంచి ఒకచోట ఆడగొంతు లేచింది. ఒక మాట పూర్తి కాలేదు. ఒక అక్షరం, అంతే. ముల్లు గడ్డి అచ్చులో పడి ఎగిరింది. ఆ అక్షరం కోసం ఇంకో పదిసార్లు పెట్టించాను. రెండోసారి అది కూడా రాలేదు. మూడు రికార్డులకూ అన్ని వైపులా చూశాం.

అతను మిషను ఆపి, బిళ్ళ తీసి జేబులో వేసుకున్నాడు. "దీన్ని ఇట్ల కట్టిందెవరన్నా?"

అత్త బల్ల మీద కూర్చుని ఉంది. నేను నోరు తెరవకముందే అందుకుంది. "ఎవరో కూలోళ్ళు కట్టింటారులే నాయనా. అప్పట్లో ఎవరికేం తెలుసు."

"కాదత్తా," అన్నాను. "నేనే కట్టినాను."

"తెలుసులే చిన్నయ్యా. ముడి చూస్తానే తెలిసింది. బాగానే కట్టినావు. పలకలైతే ఒకటి గూడా పగిలేది కాదు," అంది.

మైకుసెట్టు అతను షట్టరు వైపు తిరిగి నిలబడ్డాడు. "ఆ పొద్దు ఇచ్చింటే అన్నా," అన్నాడు. తర్వాత మాట అనలేదు. నేను దాని కోసం ఎదురుచూశాను. తిడితే బాగుండేది. నేను అతన్ని అన్న మాటకు అది సరిపోయేది. అతను లోపలికి పోయి నాకు కుర్చీ తెచ్చి వేశాడు.

కొంతసేపటికి అత్తను అడిగాడు, "నువ్వు విన్నావు గదవ్వా. రాగమన్నా గుర్తుందా? పాడు, ఫోనులో పట్టుకుంటా."

ఆమె కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. నాలుగు మాటలు కూనిరాగంగా తీసింది. నేను కుర్చీలో ముందుకు వంగాను. ఐదో మాటకు అది రోజూ రేడియోలో వచ్చే వేరే పాటలోకి పోయింది. ఆమె కూడా గమనించి ఆపేసింది. మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ అక్కడికే పోయింది.

"ఎన్ని పాటలు విన్నా నాయనా ఆ షెడ్డులో. అన్నీ కలిసిపోయినాయి."

"నువ్వు చెప్పన్నా," అన్నాడతను. "మద్రాసులో కట్టేటప్పుడు గూడా విన్నావు నువ్వు."

ఆ పాటలు నాకు వచ్చనే యాభై ఏళ్ళు అనుకున్నాను. పెట్టెలో ఉన్నాయన్న ధైర్యంతో ఒక్కసారి కూడా పాడుకుని చూసుకోలేదు. అతను ఫోను నా నోటి దగ్గర పట్టుకున్నాడు. నేను నిటారుగా కూర్చుని గొంతు సవరించుకున్నాను. నోరు తెరిచాను. ఏమీ రాలేదు. పలక మీద ఆయన రాసిన స్వరాలు కనిపిస్తున్నాయి, తుడిచిన చెయ్యి కనిపిస్తోంది. రాగం లేదు. అతను చాలాసేపు ఫోను అట్లాగే పట్టుకుని, తర్వాత మెల్లగా జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం పటం పెట్టారు. యాభై మంది దాకా వచ్చారు. పాత ఫ్యాక్టరీల వాళ్ళే ఎక్కువ. నన్ను ముందు కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన్ను చూసిన మనిషి మన ఊళ్ళో ఈయనొక్కడే అని మైకులో చెప్పారు. రికార్డుల సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. రెండు మాటలు మాట్లాడమంటే లేచి నిలబడి, నమస్కారం పెట్టి కూర్చున్నాను. తెలిసిన పాటలు వేశారు. ఒక పాటలో వాద్యాలు ఆగే చోటు వచ్చినప్పుడు, నేల మీద చాప వేసుకుని కూర్చున్న అత్త చెయ్యి ఒళ్ళో ఆగింది. మిగిలినవాళ్ళు మాట్లాడుకుంటూనే ఉన్నారు.

ఆ మూడు రికార్డులు ఇప్పుడు నా గదిలో గోడకు ఆనించి ఉన్నాయి. పొద్దున లేచి కళ్ళు మూసుకుని మా షెడ్డును తెచ్చుకుంటాను. అందరూ వస్తారు. నాయన తలుపు దగ్గర నిలబడి ఉంటారు. కడుక్కున్న చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆడవాళ్ళు మైకు వైపు చూస్తుంటారు. పాట జరుగుతూ ఉంటుంది, వినపడదు. రెండో చరణం ముందు అన్నీ ఆగే చోటు ఒక్కటే వస్తుంది. అది ఎంతసేపో నాకు సరిగ్గా తెలుసు. ఊపిరి పట్టి కూర్చుంటాను. అది అయిపోగానే గొంతు ఎత్తుకోవాలి.

ఎత్తుకోదు.